నల్లతెర మీద వానల లెక్క

ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మా ఇంట్లో ఒక గంట మోగుతుంది. గుడి గంటా కాదు, బడి గంటా కాదు. ముందుగదిలో మూలబల్ల మీద వున్న పాత కంప్యూటరు "టింగు" మంటుంది. వెంటనే వంటింట్లోంచి మా ఇంటామె, "మిమ్మల్నే! మీ యంత్రం పిలుస్తోంది. కాఫీ చల్లారినా ఫరవాలేదు, ముందు దాని సంగతి చూడండి" అంటుంది. నేను మిద్దె మీదికి వెళ్ళి, అక్కడ పెట్టిన వానకొలత జాడీలోకి తొంగి చూసి వస్తాను. బుక్కరాయసముద్రంలో ఆ జాడీలో నీళ్ళు కనిపించే రోజులెన్నో పాఠకులు ఊహించుకోగలరు. సంవత్సరంలో మూడువంతులకు పైబడిన రోజులు నేను చూసి వచ్చేది సున్నానే. అయినా ఆ సున్నాను తెచ్చి యంత్రంలో వ్రాసి, అప్పుడు కాఫీ త్రాగుతాను.

ఎనిమిదిన్నరే ఎందుకంటే, మన దేశంలో వాతావరణశాఖవారు "ఈనాటి వాన" అన్నారంటే, నిన్న ఉదయం 8:30 నుంచి ఈ ఉదయం 8:30 వరకు పడినదని అర్థం. ఇల్లు చిన్నదైనా లెక్క పెద్దవాళ్ళ లెక్కతో కలవాలి గదా అని నేనూ ఆ వేళనే పట్టుకున్నాను.

ఇంతకూ ఆ గంటను నాకు ఎవరూ అమ్మలేదు. నేనే వ్రాసుకున్నాను. వ్రాసింది ఒక్క పంక్తి. నా యంత్రంలో "క్రాన్" అని ఒక సేవకుడు వుంటాడు. అతనికి ఐదే ఐదు మాటల్లో వేళ చెప్పాలి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఏది పట్టింపు లేదో అక్కడ ఒక నక్షత్రం గుర్తు పెడితే చాలు. కనుక 30 అని, 8 అని, తరువాత మూడు నక్షత్రాలు. ఆ పక్కన "ఈ చప్పుడు చెయ్యి" అని ఆజ్ఞ. అంతే. అతను నిద్రపోడు, జీతం అడగడు, పండుగకు ఊరికి పోతానని సెలవు పెట్టడు. కరెంటు పోయినప్పుడు మాత్రం అతనూ పోతాడు. అది అతని తప్పు కాదు.

వానను గురించి నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. మా ఊరికీ అనంతపురానికీ నడుమ చెరువే అడ్డం. 1364 ప్రాంతంలో బుక్కరాయల దివాను చిక్కప్ప ఒడయరు కట్టించాడని చెబుతారు. ఈ చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ తన ప్రాణమిచ్చి నిలబెట్టిన కథ, కట్టమంచి రామలింగారెడ్డిగారి కావ్యం పుణ్యమా అని, తెలుగువాళ్ళందరికీ తెలుసు. అంత వరద వచ్చిన కథ పుట్టిన ఊరే ఇది. కాని ఇక్కడ మామూలుగా సాలుకు పడే వాన 500, 550 మిల్లీమీటర్ల మధ్య. అందులోనూ పడవలసిననాడు పడదు. శెనిక్కాయకు ఊడలు దిగే వేళ ముఖం చాటేసి, కోసి కుప్ప వేసిన తరువాత వచ్చి తడిపిపోతుంది. అందువల్ల మా వైపు వానమాట ఊసుపోక మాట్లాడే మాట కాదు.

మా నాయన 1961 నుంచి 1994 వరకు, 34 ఏళ్ళు, వానల పుస్తకం వ్రాశాడు. ఆయన దగ్గర జాడీ లేదు, మిల్లీమీటర్లు లేవు. కార్తె పేరు, ఎన్నో రోజు, పదును ఎంత దిగింది, ఏ చేనికి విత్తనం పడింది, ఇవీ ఆయన లెక్కలు. "ఆరుద్ర, నాలుగో రోజు, జానెడు పదును, కుంట కింది చేను విత్తినాము." ఇంతే వుండేది ఒక్కొక్క పద్దు. ఒక్కొక్కనాడు పక్కన ఒక ముక్క అదనంగా వుండేది. ఎద్దుకు జబ్బు చేసిందనో, పొరుగూరి పెండ్లికి పోయి రాత్రి తడిసి వచ్చామనో.

2003లో ఆయనకు సహస్రచంద్ర దర్శనం చేసినప్పుడు, ఈ పుస్తకాలన్నీ అచ్చు వేయించి చుట్టాలకు పంచుదామనుకున్నాను. ఊరికే అనుకోలేదు, పట్నంలో ఒక టైపింగు దుకాణంలో కూర్చుని టైపు కూడా చేయించాను. డబ్బు చాలక అచ్చు ఆగింది. దుకాణంవాళ్ళు ఒక సీడీ చేతికిచ్చారు. దాన్ని బీరువాలో భద్రంగా పెట్టాను. చేతివ్రాత పుస్తకాలను మాత్రం అటకమీద చెక్కపెట్టెలో పెట్టాను. తెలివి అంటే అదీ! నాయన 2009లో పోయాడు. మరి మూడేళ్ళకు పెట్టె తెరిచి చూస్తే చెదలు మట్టికట్టి, లోపల అట్టలు తప్ప మరేమీ మిగలలేదు.

ఏడిస్తే ఏం లాభం? సీడీ వుంది గదా అని ధైర్యం. తీరా కంప్యూటరులో పెట్టి తెరిస్తే, తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, ప్లస్సులు, ఏ భాషకూ చెందని వంకర గుర్తులు, అన్నీ కలిసిన పులగం. టైపు చేసిన దుకాణం ఎప్పుడో మూసేశారు.

దీని వైనం పాఠకులలో చాలామందికి పనికివస్తుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి సీడీలు వుండి వుంటాయి. ఆ రోజుల్లో డి.టి.పి. ఫాంట్లు చేసిన పని ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలు వుండవలసిన గూళ్ళలో తెలుగు బొమ్మలు పెట్టడం. ఫైలులో నిజంగా వుండేది ఇంగ్లీషు గుర్తే. ఫాంటు అనే కళ్ళద్దాలు పెట్టుకుంటే అది తెలుగుగా కనిపిస్తుంది. కళ్ళద్దాలు పోయాయా, తెలుగూ పోయినట్లే. పైగా ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకం అద్దం చేసింది. ఒకడి అద్దంలో "క" కనిపించే గుర్తు మరొకడి అద్దంలో సున్న కావచ్చు, సుడి కావచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి కాలేజీలు మూతపడ్డప్పుడు, ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు కొన్నాళ్ళు మా ఇంట్లో వున్నాడు. ఊరికే కూర్చోలేని పిల్లవాడు. నా కంప్యూటరు అప్పటికే ముసలిదైపోయింది. మీట నొక్కి, స్నానం చేసి వస్తేగాని తెర వెలిగేది కాదు. కొత్త ఆపరేటింగ్ సిస్టం దాని మీదికి ఎక్కదని తేలిపోయింది. "మామా, దీంట్లో లినక్సు వేస్తా, నెలరోజులు చూడు. నచ్చకపోతే పాతదే పెట్టిస్తా" అన్నాడు. ఆపరేటింగ్ సిస్టం అంటే యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాం. లోకమంతా కొనుక్కుని వాడేది ఒకటైతే, ఉచితంగా దొరికి, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోగలిగినది ఈ లినక్సు. నెలరోజులన్నది ఆరేళ్ళు కావస్తోంది. పాతదాన్ని అడిగే అవసరం రాలేదు.

తెలుగులో మెనూలు చూపించే లినక్సు కూడా వుందని వాడే చెప్పాడు. హైదరాబాదులో 2005లో మొదలైన "స్వేచ్ఛ" సంస్థవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళను కూడగట్టి, ఆ పని చేశారు. పోతన, వేమన అనే పేర్లతో వచ్చిన ఉచిత తెలుగు ఫాంట్లు లినక్సువాళ్ళకు ముందునుంచే చేతిలో వున్నాయి. పేర్లు చూసే నాకు సగం ప్రీతి కలిగింది.

కాని నన్ను నిజంగా పట్టుకున్నది ఆ మెనూలూ కాదు, బొమ్మలూ కాదు. నల్లతెర. దాన్ని టెర్మినల్ అంటారు. నల్లటి పలకమీద తెల్లటి అక్షరాలు. నలభై ఏళ్ళు బడిలో నల్లబల్ల ముందు నిలబడినవాణ్ణి కాబట్టి నాకు అది కొత్త అనిపించలేదు. అక్కడ మనం ఒక ఆజ్ఞ వ్రాస్తే యంత్రం ఒక జవాబు వ్రాస్తుంది. రోజూ వ్రాసే ఆజ్ఞలను ఒక చిన్న ఫైలులో వరుసగా వ్రాసిపెట్టుకుంటే, దానికి స్క్రిప్టు అని పేరు. వంటింట్లో మా ఇంటామె సాంబారుపొడి దినుసులు గోడకు కట్టిన కేలెండరు వెనక వ్రాసుకున్నది చూశారూ, అలాంటిదే ఇదీ.

ఈ విద్య ఎక్కడిదంటే, 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు మొదలుపెట్టిన యూనిక్సు నుంచి వచ్చింది. వాళ్ళతో పనిచేసిన మెక్‌ఇల్‌రాయ్ అనే ఆయనకు ఒక పట్టుదల వుండేది. ఒక ప్రోగ్రాం ఇచ్చే ఫలితం నేరుగా మరొక ప్రోగ్రాంలోకి పారాలి, నడుమ మనిషి ఎత్తిపోయకూడదు అని. 1973లో థాంప్సన్ ఒక్క రాత్రిలో ఆ ఏర్పాటు చేసి ఇచ్చాడట. దానికి గుర్తు ఒక నిలువుగీత. మా చెరువు కింద వ్యవసాయం చూసినవాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. తూము ఎత్తితే నీళ్ళు కాలువలో పడతాయి. ఒక మడి నిండి, గట్టుకు కొట్టిన గండిలోంచి పక్కమడికి పారతాయి. ఆ గండే ఈ నిలువుగీత. వెదికే ప్రోగ్రాం ఒక మడి, వరుస పేర్చేది మరొకటి, లెక్కపెట్టేది ఇంకొకటి. ఒక్కొక్కటి చేసేది ఒక్కటే పని. మడికట్టు మాత్రం మన ఇష్టం.

లినక్సు పుట్టింది 1991 ఆగస్టులో. హెల్సింకీలో చదువుకునే 21 ఏళ్ళ లీనస్ టోర్వాల్డ్స్, ఏదో సరదాకు చేస్తున్నాను, పెద్దదేమీ కాదులెండి అని చెప్పుకుంటూ దాన్ని లోకానికి తెలియజేశాడు. అదే సంవత్సరం అక్టోబరులో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. ప్రపంచంలోని అక్షరాలకు తలా ఒక శాశ్వతమైన అంకె ఇచ్చే పట్టిక అది. అందులో మన తెలుగుకు 128 గూళ్ళు కేటాయించారు. ఆ మరుసటేడు, 1992లో, ఆ అంకెలను ఫైలులో పొందికగా దాచే పద్ధతిని కనిపెట్టినవారిలో ఒకడు మళ్ళీ ఆ కెన్ థాంప్సనే. న్యూజెర్సీలో ఒక భోజనశాలలో, కంచం కింద పరిచే కాగితం మీద, రాబ్ పైక్ ఎదుట కూర్చుని వ్రాశాడట. మన ఊరి పేరు ఈనాడు యంత్రంలో ఇమిడింది ఆ భోజనాల కాగితం చలవే.

ఊరి పేరంటే జ్ఞాపకం వచ్చింది. నల్లతెర మీద నేను చేసిన మొదటి ప్రయోగం అదే. "బుక్కరాయసముద్రం" అని వ్రాసి, ఎన్ని అక్షరాలో చెప్పమన్నాను. మనం ఏడంటాం: బు, క్క, రా, య, స, ము, ద్రం. యంత్రం 15 అన్నది! కొమ్మును, దీర్ఘాన్ని, సున్నను, ఒత్తుకు కారణమైన పొల్లును, అన్నింటినీ విడివిడిగా లెక్కపెట్టింది. దాని కడుపులో ఎంత చోటు పట్టిందని అడిగితే 45 బైట్లన్నది. తెలుగు గుర్తుకు తలా మూడు. నేనూ మా అల్లుడూ ఒక పూటంతా చుట్టాల పేర్లు పెట్టి ఆడుకున్నాం.

ఇక సీడీ సంగతి. దాన్ని తెలుగు చేయడానికి ఏ దుకాణంలోనూ మందు దొరకలేదు. ఎందుకు దొరుకుతుంది? అది మా నాయన పుస్తకం. దానికోసం ప్రోగ్రాం వ్రాస్తే కొనేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

అయితే ఈ దారిన ముందు నడిచినవాళ్ళు లేకపోలేదు. 1990 దశకం మొదట్లోనే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే తెలుగువాళ్ళు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే ఒక పద్ధతిని, దాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చే ఒక ప్రోగ్రామునూ చేసుకున్నారు. ఎవరూ చెయ్యమనలేదు. దూరదేశంలో తమ ఉత్తరం తమ అక్షరాల్లో చూసుకోవాలన్న యావ, అంతే. తరువాత వెన్న నాగార్జున "పద్మ" అనే పరికరం చేశారు. పత్రికలవాళ్ళు తలొక ఫాంటూ వాడుతుండగా, వాటన్నిటినీ యూనికోడులోకి మార్చి చూపించేది అది. "లేఖిని" సంగతి చెప్పనే అక్కరలేదు. ఎంతోమంది తెలుగువాళ్ళు కంప్యూటరులో తొలి తెలుగుముక్క వ్రాసింది దానితోనే. ఇవన్నీ ఇంటి మందం పనులుగా మొదలై నలుగురికీ పనికివచ్చినవే.

మేమూ మొదలుపెట్టాం. పద్ధతి సులభంగానే కనిపించింది. ఫలానా గుర్తు వస్తే ఫలానా తెలుగు అక్షరం పెట్టు అని ఒక పట్టిక. మార్చే పని "సెడ్" అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. పట్టిక చేయడానికి ఆధారం ఏమిటంటే, దుకాణంవాళ్ళు సరిచూడమని ఇచ్చిన నాలుగు కాగితాలు నా దగ్గర మిగిలి వున్నాయి. ఆ నాలుగు కాగితాలూ, తెరమీది పులగమూ పక్కపక్కన పెట్టుకుని, ఏ గుర్తుకు ఏ అక్షరమో నేను చదువుతుంటే వాడు ఎక్కించాడు. రెండు వందల పైచిలుకు జతలు తేలాయి. నడిపాం.

మొదటి ఫలితం చూసి మా ఇంటామె నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో వుంది. మఖ కార్తె "వుఖ" కార్తె అయి కూర్చుంది. మృగశిర "వుృగశిర" అయింది. కారణం చిత్రమైనది. ఆ ఫాంటులో "మ" ఒకే ముక్క కాదు. "వ" లాంటి ముక్క, దాని పక్కన కొమ్ములాంటి ముక్క, రెండూ అతికితే "మ". మా స్క్రిప్టు ముందుగా "వ"ను పట్టుకుని మార్చేస్తోంది. మిగిలిన తోక కొమ్మయి కూర్చుంటోంది. పొడుగు జతలను ముందు మార్చి, పొట్టివాటిని తరువాత మార్చాలన్న సూత్రం అప్పుడు తెలిసింది. పట్టికను పొడుగునుబట్టి పేర్చమని మరొక పంక్తి వ్రాశాం.

రెండో చిక్కు ఇంకా గట్టిది. కృత్తిక వచ్చి "కృతి్తక" అయింది. స్వాతి "సా్వతి" అయింది. అశ్విని "అశి్వని". కార్తెలు మాపై కక్షగట్టినట్టే వుంది! ఆలోచించగా తెలిసిందేమంటే, బొమ్మల ఫాంటు కంటికి కనిపించే వరుసలో నడుస్తుంది. "స్వా" వ్రాయాలంటే "సా" వేసి కింద వావత్తు తగిలిస్తుంది. యూనికోడు నోరు పలికే వరుసలో నడుస్తుంది. ముందు స, తరువాత వ, చివరికి దీర్ఘం. నేను ఒకటో తరగతి పిల్లలకు గుణింతం చెప్పేటప్పుడు, "ఒరే, ఒత్తు పలికాకనే గుడి పలుకుతుందిరా, వ్రాసేటప్పుడు మాత్రం గుడి ముందు వ్రాస్తాం" అని చెప్పినదే ఇది. ఆ మాట అంటే మా అల్లుడు లేచి నిలబడి, "మామా, అదే రూలు!" అన్నాడు. గుణింతపు గుర్తు తరువాత ఒత్తు కనిపిస్తే రెండింటినీ తారుమారు చెయ్యి అని ఒక పంక్తి చేర్చాడు. చిటికెలో కృత్తిక, స్వాతి, అశ్విని ముగ్గురూ తమ స్వరూపాలతో ప్రత్యక్షమయ్యారు. ఒకటో తరగతి పాఠం ఇంజనీరింగు పిల్లవాడికి పనికివచ్చిందన్న గర్వం ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

గర్వభంగానికి ఎన్నో రోజులు పట్టలేదు. అల్లుడు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. ఫైళ్ళలో ఇంకా తప్పులున్నాయి. టైపు చేసినవాళ్ళ తప్పులు, పట్టికకు అందని గుర్తులు. రెండు నెలలు కూర్చుని ఒక్కొక్క సంవత్సరం చేత్తో దిద్దాను. అంతా అయ్యాక, అదనంగా పడిన ఖాళీలు తీసేద్దామని నేనే సొంతంగా ఒక పంక్తి వ్రాశాను. ఈ ఫైలు చదివి, ఖాళీలు తీసి, మళ్ళీ ఇదే పేరు గల ఫైలులో వ్రాయి అని. 34 ఫైళ్ళ మీదా ఒక్కసారే నడిపాను. కన్ను మూసి తెరిచేలోపల పని అయిపోయింది. ఆహా, ఎంత వేగం అనుకున్నాను. తెరిచి చూస్తే ఫైళ్ళన్నీ వున్నాయి, ఒక్కదాంట్లోనూ అక్షరం ముక్క లేదు. 34 సున్నాలు.

జరిగిందేమంటే, నల్లతెర మన ఆజ్ఞ విన్నప్పుడు ముందుగా వ్రాయవలసిన పలకను తుడిచి సిద్ధం చేస్తుంది. తరువాతనే చదవవలసిన పలకను చదువుతుంది. రెండూ ఒకే పలక అయితే, చదవడానికి వెళ్ళేసరికి అక్కడ ఏముంటుంది? ఈ పొరపాటు చేయనివాడు ఈ విద్యలో వుండడని అల్లుడు ఫోనులో ఓదార్చాడు. నాకు మాత్రం చెక్కపెట్టె రెండోసారి తెరిచినట్లయింది. ఈసారి చెదపురుగును నేనే.

సీడీ వుంది కనుక మూలం పోలేదు. స్క్రిప్టులు వున్నాయి కనుక పులగాన్ని తెలుగు చేయడం మళ్ళీ రెండు సెకన్ల పని. పోయినదల్లా నేను చేత్తో దిద్దిన రెండు నెలల శ్రమ. అప్పుడు పద్ధతి మార్చాను. తప్పు కనిపిస్తే ఫైలులో దిద్దడం మానేసి, "1972లో ఫలానా పంక్తిలో ఈ మాట బదులు ఈ మాట" అని దిద్దుబాటునే ఒక స్క్రిప్టులో వ్రాస్తూ పోయాను. ఇప్పుడు ఫైళ్ళన్నీ మళ్ళీ మాయమైనా ఒక్క మీట నొక్కితే సీడీ నుంచి శుద్ధప్రతి దాకా తనంతట తానే వస్తుంది. ప్రతి ఆదివారం రాత్రి క్రాన్ వాటిని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తాడు. పెన్‌డ్రైవును అటకమీద పెట్టలేదని వేరే చెప్పాలా?

తెలుగయ్యాక అసలు కోరిక పుట్టింది. నాయన వ్రాసినవి కార్తెలు. నేను వ్రాసేవి తేదీలు. రెండూ ఎలా కలవాలి? సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటతాడు గనుక, ఒక్కొక్క కార్తె 13, 14 రోజులు వుంటుంది. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర, జూలై 6కు పునర్వసు. ఏడాదిని బట్టి ఒక రోజు అటూ ఇటూ. 27 పంక్తుల పట్టిక ఒకటి వ్రాసి, పక్కన ఆరు పంక్తుల స్క్రిప్టు పెట్టాను. లెక్క చూసేది "ఆక్" అనే ప్రోగ్రాం. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అనే ముగ్గురు కలిసి చేశారు. వాళ్ళ పేర్ల తొలి అక్షరాలే దాని పేరు. పంక్తిని ఖాళీల దగ్గర ముక్కలు చేసి, మొదటి ముక్క తేదీ, రెండో ముక్క వాన అని గుర్తుపెట్టుకుని, ఏ కార్తెలో ఎంత పడిందో కూడిపెడుతుంది. వాతావరణశాఖ లెక్క ప్రకారం రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే అది "వాన కురిసిన రోజు". ఆ నిబంధన కూడా పెట్టాను.

ఇక్కడ ఒక బుద్ధితక్కువ పని చేయబోయాను. "జానెడు పదును" అంటే ఇన్ని మిల్లీమీటర్లు అని ఒక అంకె కట్టేసి, నాయన లెక్కలన్నీ మిల్లీమీటర్లలోకి మార్చేద్దామనుకున్నాను. మార్చేవాణ్ణే. కాని ఒకే వాన ఎర్రనేలలో దిగినంత లోతు నల్లరేగడిలో దిగదు. నాయనకు ఆ సంగతి తెలుసు కాబట్టే చేను పేరు పక్కన వ్రాశాడు. యంత్రం అడిగితే అంకె ఇస్తుంది గాని, ఆ అంకె అబద్ధమని చెప్పదు. కనుక పదునును పదునుగానే వుంచాను. పదునుకూ పదునుకూ నడుమ ఎన్ని రోజులు ఎండగట్టిందో, ఆ లెక్క మాత్రం చేయించాను.

నేను ఈ పని నా సరదాకు చేసుకున్నానని ఊళ్ళో అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక జూలైలో, చెరువుకు ఎగువన ఆరెకరాలున్న ఒక రైతు పొద్దున్నే వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"ఏమయ్యవారూ, మీ నాయన లెక్కంతా మిషన్లో ఎక్కిచ్చినారంట గదా?"

"ఎక్కించాను, రా, లోపలికి రా."

"లోపలికెందుకులే సామీ, కాళ్ళకు మట్టుండాది. ఒక మాట అడగల్ల. ఆరుద్ర పూర్తిగా ఎత్తిపోయిన సాళ్ళల్లో పునర్వసులో పదునయ్యిందా, లేదా?"

విత్తనం ఇంట్లో సిద్ధంగా వుంది. అప్పు చేసి తెచ్చింది. దుమ్ములో వేస్తే మొలకెత్తక పోవచ్చు. ఆగితే అదను దాటిపోవచ్చు. ఇది జోస్యం కాదు, ఇంతకుముందు ఏమైందో మాత్రమే చెబుతుంది అని నేను ముందే చెప్పాను. "అది నాకు దెలీదా? చెప్పండి" అన్నాడు. లోపలికి వెళ్ళి నల్లతెర మీద ఒక మడిలోంచి ఒక మడికి మూడు నిలువుగీతలు పెట్టాను. 34 ఏళ్ళలో ఆరుద్ర తప్పిన ఏళ్ళు ఒకవైపు, వాటిలో పునర్వసు ఆదుకున్నవి మరొకవైపు వరుసగా వచ్చాయి. సంవత్సరాలను పేరుపేరునా చదివాను. ఆయన ఒక్కొక్కటి విని, "అవ్, ఆ సాలు మా పెద్దనాయన పెండ్లి," "ఆ సాలు మేము బళ్ళారికి వలస పోతిమి" అంటూ వేళ్ళు ముడుచుకున్నాడు. కొంతసేపు చెరువు వైపు చూశాడు. "సరే, ఇంకో ఎనిమిది దినాలు చూస్తా" అని తువాలు దులుపుకుని లేచాడు.

ఆ తరువాత ఇంకా కొందరు వచ్చారు. వాళ్ళకోసం ప్రశ్న ఇంగ్లీషులో కాక తెలుగులో అడిగేటట్లు స్క్రిప్టు మార్చాను. కార్తె పేరు తెలుగులో వ్రాస్తే చాలు. అల్లుడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. "మామా, దాన్ని ఫోనులో పెట్టిస్తే ఊరంతా చూసుకుంటారు" అంటున్నాడు. పెట్టనీ. నేను మాత్రం వాడు వ్రాసిన ఆ తారుమారు పంక్తి మీద చెయ్యి వెయ్యనివ్వను.

ఒక చిన్న లోటు మిగిలి వుంది. 1965 సంవత్సరంలో, హస్త కార్తె పద్దు చివర, ఏ పట్టికకూ అందని ఒక గుర్తు వుంది. మా నాలుగు కాగితాల్లో అది లేదు. టైపు చేసినవారి చెయ్యి జారి పడిందో, నాయన నిజంగా ఏదైనా మాట వ్రాశాడో. ముందు మాటలు "రాత్రి తెల్లవార్లు వాన, చెరువు" అని వున్నాయి. ఆ తరువాత ఆ గుర్తు. చెరువు నిండిందనా, అలుగు పారిందనా, కట్ట మీదికి అందరం పోయామనా? అప్పటికి నేను చిన్నవాణ్ణి, నాకు జ్ఞాపకం లేదు. మా ఇంటామె, "ఏదో ఒకటి పెట్టి దిద్దెయ్యరాదూ, రోజూ దాన్ని చూస్తూ కూర్చోకపోతే" అంటుంది. దిద్దలేదు. దాని కోసం దిద్దుబాటు స్క్రిప్టులో ఒక పంక్తి ఖాళీగా వుంచాను. 1965 హస్తలో ఆ రాత్రి మా ఊళ్ళో మెలకువగా వున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఇంకా వున్నారు. ఈ వారం వెళ్ళి అడగాలి.